అమ్మ దిగులుకు ఎవరిని పిలవాలి: పాస్టర్ గారినా, కౌన్సెలర్‌నా, డాక్టర్‌నా?

నాన్న పోయి ఏడాది తిరిగింది. అమ్మ ఆదివారం ఆరాధనకు రావడం తగ్గించేసింది. ఫోన్ చేస్తే "బానే ఉన్నాలే" అని పెట్టేస్తుంది. పనమ్మాయిని అడిగితే అన్నం సగం వదిలేస్తున్నారంటుంది. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు అప్పుడు సాయానికి ఎవరున్నారా అని చూస్తాడు. మన క్రైస్తవ కుటుంబాల్లో మొదట గుర్తొచ్చేది పాస్టర్ గారే. అందులో తప్పేం లేదు. ఆయనతోనే ఆగిపోతేనే తప్పు. ఇంకో రకం తప్పు కూడా చూస్తుంటాం. చదువుకున్న పిల్లలు "ప్రార్థనలతో ఏమవుతుంది" అని అయ్యగారిని పక్కనపెట్టి, అమ్మను నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తారు. ఆవిడ అక్కడ నోరు విప్పదు, ఇంటికొచ్చాక మాత్రలు వేసుకోదు.

మా సంఘంలో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి పలకరించే బృందంలో నేనూ ఉన్నాను. పిల్లలు మమ్మల్ని అడిగేది ఒకటే: ప్రార్థనా, వైద్యమా? ఆ ప్రశ్నకు నేను నేరుగా జవాబు చెప్పను. ముందు ఆ మనిషికి ఏం తక్కువైందో చూడాలి. కొందరికి తోడు తక్కువైంది. కొందరికి మనసులో ఏదో గుచ్చుకుంటోంది: భర్త చివరి రోజుల్లో సరిగా చూసుకోలేదనో, కొడుకు పెళ్లి విషయంలో మాట తూలాననో, దేవుడు తన మొర వినలేదనో. కొందరికి నిజంగానే జబ్బు చేసింది. ఈ మూడింటికీ వెళ్లాల్సిన గుమ్మాలు వేరు. చాలామందికి రెండో మూడో కలిసే ఉంటాయి.

మూడోదాన్ని మనం ఎంతగా చూడకుండా వదిలేస్తున్నామో ఒక లెక్క చెబుతుంది. 2017-18లో పెద్దవాళ్ల ఆరోగ్యం మీద దేశమంతటా జరిగిన లాసీ అనే సర్వేలో, 60 దాటినవాళ్లలో నూటికి 8 మందికి పైగా డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. డాక్టర్ తమకు ఆ జబ్బు ఉందని చెప్పారన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

పాస్టర్ గారి ఇంటి దర్శనం

ఇంటి దర్శనాల్లో రెండు రకాలు ఉంటాయి, రెండూ నేను దగ్గరుండి చూశాను. మొదటి రకంలో అయ్యగారు వస్తారు, చెప్పులు విప్పుతూనే "ఎలా ఉన్నారమ్మా" అంటారు, జవాబు పూర్తి కాకముందే 23వ కీర్తన చదివి, నిలబడి ప్రార్థన చేసి, టీ తాగి, ఒక ఫొటో దిగి పది నిమిషాల్లో బయటపడతారు. ఇంకో మూడిళ్లు ఉన్నాయి మరి, ఆయన్నీ అనలేం. రెండో రకంలో అయ్యగారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంటారు. "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది? లేచాక ఏం ఆలోచిస్తారు?" అని అడుగుతారు. ఆవిడ మాట్లాడకపోతే తానూ మాట్లాడరు. కాసేపయ్యాక ఆవిడే మొదలుపెడుతుంది. ఆరోజు బైబిల్ తెరవకపోయినా ఫరవాలేదు. వెళ్లేముందు "వచ్చే గురువారం మళ్లీ వస్తా" అని చెప్పి, గురువారం నిజంగానే వస్తారు.

డెబ్బై ఏళ్ల మనిషికి ఈ రెండో రకం దర్శనం ఇచ్చే మేలు వేరే ఎవరూ ఇవ్వలేరు. డాక్టర్‌కు ఆవిడ ఒక ఫైలు. పాస్టర్ గారికి ఆవిడ సండే స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ, ఫలానా వారి కోడలు. భర్త పోయాక జరిగిన ఆదరణ కూడికలో ఆవిడ పక్కన నిలబడింది ఆయనే. "దేవుడు నన్ను మర్చిపోయాడా" అనే మాట ఆవిడ కొడుకుతో అనదు, సైకియాట్రిస్టుతో అసలే అనదు. తప్పు చేశానన్న బాధ, క్షమాపణ, చావు తర్వాత ఏమిటన్న భయం, వీటి గురించి మాట్లాడే చనువు ఆయనకే ఉంది. గుడికి రాలేని మనిషికి ఇంటికే ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తెచ్చి ఇస్తే, సంఘం తనను లెక్కలోంచి తీసేయలేదన్న ధైర్యం వస్తుంది. పైసా ఖర్చు లేదు. కానుక అంటారా, అది మీ ఇష్టం.

మరి లోపం ఎక్కడ? చాలామంది పాస్టర్లకు బైబిల్ కళాశాలలో ప్రసంగం నేర్పినంతగా మానసిక జబ్బుల గురించి నేర్పరు. డిప్రెషన్‌ను విశ్వాసం తగ్గడంగా చూసే వారు ఇంకా ఉన్నారు. "స్తుతించమ్మా, దిగులు అదే పోతుంది" అని చెప్పి వెళ్తే, స్తుతించలేకపోతున్న మనిషి మీద ఇంకో బరువు పెట్టినట్టే. అసలు డిప్రెషన్ లక్షణమే అది: ఇన్నాళ్లూ ఇష్టంగా పాడిన కీర్తన కూడా నోట రాదు. దాన్ని ఆత్మీయ లోపమంటే ఆవిడ నమ్మేస్తుంది కూడా, ఎందుకంటే ఆ జబ్బు ఆవిడకు లోపల్నుంచి చెబుతున్నదీ అదే.

మీ పాస్టర్ గారు ఏ రకమో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది. "అమ్మకు డాక్టర్ డిప్రెషన్ మాత్రలు రాస్తారేమో అయ్యగారూ" అని మామూలుగా అని చూడండి. "మంచిది, మానకుండా వేసుకోమనండి, నేనూ చెబుతా" అంటే ఆ మనిషిని వదులుకోకండి. "మాత్రలు దేనికి, మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెడదాం" అంటే ఆయన దగ్గర ప్రార్థన వరకే తీసుకోండి, సలహా వద్దు. వాక్యం తెలిసిన పాస్టర్‌కు ఇది కష్టమైన విషయమూ కాదు. బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చాడు.

ఆస్పత్రుల్లో రోగులను పలకరించే పాస్టర్లు, అంటే చాప్లెన్లది ఇంకో దారి. రోగి మంచం పక్కనే నేర్చుకునే ఈ శిక్షణకు ఆద్యుల్లో ఒకరైన యాంటన్ బాయిసెన్, 1925లో అమెరికాలోని వూస్టర్ స్టేట్ ఆస్పత్రిలో దాన్ని మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా పాస్టర్, అంతకుముందు స్వయంగా మానసిక ఆస్పత్రిలో రోగి. మనకు దగ్గర్లో వేలూరు సీఎంసీలో చాప్లెన్సీ విభాగమే ఉంది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు అక్కడ ఆస్పత్రిలో చేరితే చాప్లెన్ కావాలని నర్సును అడగవచ్చు. ఆయన ఏ మతం వారి దగ్గరికైనా వచ్చి కూర్చుంటారు, మతం మార్చే పని పెట్టుకోరు.

సంఘంలోని తోటివాళ్లు

పాస్టర్ గారికి తీరిక లేని ఊళ్లలో అసలు పని చేసేది స్త్రీల సమాజమే. తోడు తక్కువైన మనిషికి నేను ముందు చెప్పేది కూడా ఇదే. వారానికో రోజు ఇద్దరు వచ్చి పాత కీర్తనలు నాలుగు పాడి, ఊళ్లో కబుర్లు నాలుగు చెప్పి వెళ్లడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఆ రోజు కోసం ఆవిడ తలస్నానం చేసి మంచి చీర కట్టుకుంటుంది. ఇంకా మంచిది, ఆవిడకే ఒక పని అప్పగించడం: సంఘంలో పుట్టినరోజుల జాబితా చూసి ఫోన్లు చేయడమో, పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పడమో. పలకరింపు పుచ్చుకోవడం కన్నా తాను ఇంకొకరిని పలకరించడం పెద్దవాళ్లను త్వరగా లేపుతుంది.

శిక్షణ ఇస్తే మామూలు మనుషులు కూడా ఎంత చేయగలరో గోవాలో జరిగిన ఒక పరిశోధన చూపించింది. 2019లో ప్రచురితమైంది. 60 దాటి, కొద్దిగా దిగులు లక్షణాలు ఉన్న 181 మందిని తీసుకున్నారు. కొందరి దగ్గరికి శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు వెళ్లారు, డాక్టర్లు కారు. ఒక్కో సమస్యను విడదీసి ఆలోచించడం, నిద్ర అలవాట్లు సరిచేసుకోవడం, షుగరు, బీపీ చూసుకోవడం, ప్రభుత్వ పథకాలు అందేలా చూడటం, ఇంతే వాళ్లు చేసిన పని. ఏడాదికి ఆ కార్యకర్తలు కలిసినవాళ్లలో నూటికి 4 మంది దాకా డిప్రెషన్‌లోకి వెళ్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 14 మంది దాకా వెళ్లారు. మా సంఘాల్లో దర్శనానికి వెళ్లే అక్కలకు ఈ నాలుగూ నేర్పితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు. పెన్షన్ ఆగిపోయిందన్న దిగులుకు ప్రార్థనతో పాటు పెన్షన్ చూసే ఆఫీసుకు ఒకసారి వెళ్లిరావడం కూడా కావాలి కదా.

ఒక్క జాగ్రత్త. ప్రార్థన వాట్సాప్ గ్రూపు. "ఫలానా అమ్మగారికి మానసికంగా బాగోలేదు, ప్రార్థించండి" అని మంచి మనసుతోనే పెడతారు. సాయంత్రానికి మూడూళ్లకు తెలుస్తుంది, మర్నాడు కూరగాయల దగ్గర ఎవరో అడుగుతారు, ఆవిడ ఇక గడప దాటదు. పేరు చెప్పకుండా "ఒక సహోదరి కోసం" అంటే దేవుడికి అర్థం కాదా?

ఇదంతా క్రైస్తవ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. సత్సంగానికో భజనకో వెళ్లే పెద్దలకు, జుమా తర్వాత మసీదు అరుగు మీద కూర్చునే పెద్దలకు కూడా లాభం ఇదే, హద్దు కూడా ఇదే.

స్వస్థత కూటాలు, "విడుదల" ఇచ్చే చోట్లు

ప్రార్థనతోనే జబ్బును, దయ్యాన్ని పోగొడతామనే చోట్లు ఇవి. ఇక్కడ నాది ఒకే మాట: పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. గంటల తరబడి కూర్చోబెట్టడం, ఉపవాసం పేరుతో షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోవడం, స్టేజీ మీద "బాగైపోయింది" అని సాక్ష్యం చెప్పించి మందులు మాన్పించడం, ఇవి మనసుకే కాదు, ప్రాణానికే ముప్పు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండకూడదు. అక్కడే వదిలేసి రమ్మనే ప్రార్థనా మందిరాలైతే ఇంకా ప్రమాదం. తమిళనాడులో ఏర్వాడి దర్గా చుట్టుపక్కల వెలిసిన ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం పూర్తిగా నిషేధించింది. ఏ మతం పేరుతో అయినా సరే, ఎక్కడైనా అది కనిపిస్తే అక్కడి నుంచి మీ మనిషిని బయటికి తీసుకురండి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. గుజరాత్‌లో ఉనావా దగ్గర మీరా దాతార్ దర్గాలో ముజావర్లు (దర్గా సేవకులు), సైకియాట్రిస్టులు కలిసి "దవా, దువా" (మందు, ప్రార్థన) అనే పద్ధతి నడిపారు. దువా చేసే ముజావరే "పక్క గదిలో డాక్టర్ గారికి కూడా చూపించండి" అంటాడు. నమ్మకం ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వస్తే కుటుంబాలు కాదనవు.

కౌన్సెలర్

మాట్లాడితే తేలికపడే బాధలకు, ముఖ్యంగా వీడని దుఃఖానికి, కోడలితో ఉన్న టెన్షన్‌కు, కొత్త ఊరికి మారిన బెంగకు కౌన్సెలర్ మంచి ఎంపిక. ఊళ్లోవాళ్లకు తెలియదన్నది పెద్ద ధైర్యం. పాస్టర్ గారి కుటుంబంతోనే గొడవ ఉన్నవాళ్లకైతే వేరే దారి కూడా లేదు. అయితే "క్రిస్టియన్ కౌన్సెలర్" అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు అని మొహమాటం లేకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదు ఉందేమో అడగండి. అన్నిటికన్నా ముందు, మీ అమ్మ యాసలో, నిదానంగా, కాస్త గట్టిగా మాట్లాడగలరా అని చూడండి. చెవులు సరిగా వినపడని మనిషికి వీడియో కాల్ కౌన్సెలింగ్ పెట్టించి "అమ్మ సహకరించట్లేదు" అనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ముందు చెవి మిషన్ పెట్టించండి. వినపడక నలుగురిలోకి రాని వాళ్లు ఎంతోమంది.

ఫీజు భారమనుకుంటే 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్లకు ప్రత్యేకంగా 14567 ఉంది, ఎల్డర్ లైన్. పెన్షన్, ఆస్తి గొడవలు, ఇంట్లో వేధింపులు, ఒంటరితనం, అన్నిటికీ దారి చూపిస్తారు. పగటిపూటే తీస్తారు.

డాక్టర్

పెద్దవాళ్లు "నాకు దిగులుగా ఉంది" అనరు. కాళ్లు లాగుతున్నాయంటారు, గుండె దడంటారు, తల దిమ్ముగా ఉందంటారు, ఏదీ రుచించట్లేదంటారు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడి, ఒళ్లు తగ్గి, ఇష్టమైన పనులన్నీ వదిలేస్తే అది వైద్యానికి సంబంధించిన విషయం, విశ్వాసానికి కాదు. ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికే వెళ్లండి. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, సోడియం పడిపోయినా అచ్చం డిప్రెషన్ లాగే కనిపించవచ్చు. వాడుతున్న మాత్రలన్నీ, ఆ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న పాత స్ట్రిప్పులతో సహా, సంచిలో వేసి తీసుకెళ్లండి. వాటిలో మందుల షాపతను "నిద్ర పడుతుందమ్మా" అని ఇచ్చిన అల్ప్రాజోలం ఉండే అవకాశం ఎక్కువ. అది రోజూ వేసుకుంటే పెద్దవాళ్లు తూలిపడతారు, తుంటి విరుగుతుంది. డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా మాన్పించడమూ మంచిది కాదు.

పెద్దవాళ్ల డిప్రెషన్ తేల్చడానికి అవును, కాదు అని జవాబిచ్చే 15 ప్రశ్నల జాబితా ఒకటి ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. మీ జీవితంతో తృప్తిగా ఉన్నారా, రోజులు వెలితిగా అనిపిస్తున్నాయా, ఇలాంటివే. మార్కులు 5 దాటితే డాక్టర్ ఇంకా లోతుగా చూస్తారు. మందులు మొదలుపెట్టాక రెండు నుంచి నాలుగు వారాల దాకా తేడా తెలియదు, పెద్దవాళ్లలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ మధ్యకాలంలోనే "ఏం పని చేయట్లేదు" అని మానేస్తారు, పాస్టర్ గారి మాట అవసరమయ్యేదీ ఇక్కడే. కొన్ని డిప్రెషన్ మాత్రలు పెద్దవాళ్లలో సోడియం తగ్గిస్తాయి. కొత్తగా మత్తు, తికమక కనిపిస్తే వెంటనే చెప్పాలి. ప్రైవేటుకు స్తోమత లేకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనగానే ఇంట్లో గొడవైతే, జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉందో కనుక్కోండి.

ఆలోచించే పని లేకుండా ఆస్పత్రికే వెళ్లాల్సిన సందర్భాలు రెండు. మొదటిది, నిన్నటి దాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తేడాగా మాట్లాడటం, లేని మనుషులు కనిపిస్తున్నారనడం, పగలు మగతగా ఉండి రాత్రి అరవడం. ఊళ్లో దీన్ని గాలి సోకిందంటారు, దయ్యమంటారు. చాలాసార్లు అది మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో, షుగరు పడిపోవడమో. డాక్టర్లు డెలీరియం అంటారు. దీనికి రాత్రంతా ప్రార్థన పెడితే తెల్లారేసరికి ఆలస్యమైపోవచ్చు. ప్రార్థన అంబులెన్సులో చేసుకోండి. దీన్ని ఇంకోదానితో కలపకండి: భర్త పోయిన కొత్తలో ఆయన పిలిచినట్టు, గుమ్మంలో నిలబడినట్టు అనిపించడం చాలామందికి మామూలే. దానికి దయ్యమూ లేదు, మందూ అక్కర్లేదు.

రెండోది చావు మాట. మన పెద్దవాళ్లు "ప్రభువు పిలుపు కోసం చూస్తున్నా" అని రోజుకు నాలుగుసార్లు అంటారు. అంటూనే క్రిస్మస్‌కు మనవరాలికి గౌను కుట్టించమంటారు. అది భక్తి. అదే మాట అంటూ గొలుసు తీసి కూతురి చేతిలో పెట్టేయడం, బీపీ మాత్రలు మానేయడం, "మీకు భారమయ్యాను" అని పదేపదే అనడం వేరు. తేడా తెలియకపోతే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన రాదు, చాలామందికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు, మిగిలిన నిద్రమాత్రలు తీసేయండి, ఆరోజే సైకియాట్రిస్టుకు చూపించండి.

ఇంతకీ నా సలహా

నిద్ర, ఆకలి, బరువు బాగానే ఉండి, తోడు మాత్రమే తక్కువైతే: స్త్రీల సమాజం, వారానికి ఒకే రోజు, ఒకే మనుషులు. ఇవి బాగానే ఉండి మనసులో ముల్లు ఉంటే: వినడం తెలిసిన పాస్టర్ గారు, లేకపోతే కౌన్సెలర్. ఇవి చెడితే ముందు ఫిజీషియన్, ఆయన పంపితే సైకియాట్రిస్టు, మందులు పనిచేసే దాకా పక్కన పాస్టర్ గారు. సంఘం నడిపే వృద్ధాశ్రమంలో చేర్చే ఆలోచన ఉంటే, చాపెల్ ఎంత బాగుందో చూసి మురిసిపోకుండా డాక్టర్ వారానికి ఎన్నిసార్లు వస్తారో అడగండి. మీరు క్రైస్తవులు కాకపోతే ఉదయం ప్రార్థనకు రావడం తప్పనిసరా అని కూడా అడగండి.

ఏ దారి ఎంచుకున్నా పాస్టర్ గారికి ఒక మెసేజ్ పెట్టాల్సి వస్తుంది. మేం పిల్లలకు ఇచ్చే నమూనా ఇది: "అయ్యగారూ, అమ్మ నెలగా సరిగా తినట్లేదు, తెల్లవారుజామున మూడింటికే లేచిపోతోంది. డాక్టర్ గారు మందులు రాశారు. మీరు వారానికోసారి వచ్చి అరగంట కూర్చుంటే మాకు కొండంత అండ. మాత్రలు మానొద్దని మీ నోటితో ఒక మాట చెప్పండి. చచ్చిపోతానన్న మాట ఏదైనా అంటే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండి. ఈ విషయం మన ఇద్దరి మధ్యే ఉంచండి."